కోలుకునే దశలో కండరాల మధ్య పుట్టే ఎముక: నరాల రోగులకు ఎదురయ్యే హెచ్ఓ

నరాల జబ్బుతోనో వెన్నుపాము దెబ్బతోనో మంచాన పడ్డ మనిషి ప్రాణగండం దాటి, ఇక కోలుకోవడమే మిగిలింది అనుకునే దశలో ఇంట్లోవాళ్ల చూపు, డాక్టర్ల చూపు ఒక్కచోటే ఉంటుంది. వేలు కదిలిందా, కాలు లేస్తోందా, తాకితే తెలుస్తోందా. అలాంటి రెండో నెలలోనో మూడో నెలలోనో తేడా మొదలవుతుంది. నిన్నమొన్నటి వరకు మోకాలు పొట్టకు ఆనేంతగా వంగిన తుంటి ఇప్పుడు సగంలోనే ఆగిపోతుంది. తొడ పైభాగం కొంచెం వాచి, చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. మంచం మీదే ఉండి బిగుసుకుపోయింది, ఇంకాస్త గట్టిగా వంచండి అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. మరి కొన్ని వారాలకు ఎక్స్‌రే తీస్తే తుంటి చుట్టూ, కండరాలు ఉండాల్సిన చోట, తెల్లటి మబ్బులా ఎముక కనిపిస్తుంది.

దీని పేరు హెటెరోటోపిక్ ఆసిఫికేషన్, పొట్టిగా హెచ్ఓ. నరాల వ్యవస్థ దెబ్బతిన్నాక వచ్చే రకాన్ని న్యూరోజెనిక్ హెచ్ఓ అంటారు. కీలు చుట్టూ కండరాల మధ్య ఉండే మెత్తటి కణజాలంలో ఎముక తయారవడమే ఈ సమస్య. కాల్షియం పేరుకుపోయి గట్టిపడిన ముద్ద అని కొందరు అనుకుంటారు గానీ, ఇది పొరలు పొరలుగా అమరిన, రక్తనాళాలున్న, ముదిరాక లోపల మజ్జ కూడా ఉండే అసలుసిసలు ఎముక. కడుపులో బిడ్డకు కాళ్ల ఎముకలు ఏర్పడే తీరులోనే ఇక్కడా ముందు మృదులాస్థి వచ్చి, తర్వాత అది ఎముకగా మారుతుంది. విరిగిన ఎముక అతుక్కునేటప్పుడు జరిగేదీ దాదాపు ఇదే. శరీరానికి ఈ పని బాగా వచ్చు, చేసే చోటే తప్పు.

చాలామంది గమనించని సంగతి ఇంకోటి ఉంది. కీలు లోపల సాధారణంగా ఏమీ కాదు. లోపలి నున్నటి పొరలు బాగానే ఉంటాయి, ఎముక పెరిగేది బయట. అది పెరిగి పెరిగి కటి ఎముక నుంచి తొడ ఎముకకు వంతెనలా కలిసిపోయిందంటే కీలు లోపల ఎంత బాగున్నా కదలదు. దాన్ని తర్వాత ఆపరేషన్ చేసి తీసేస్తే కదలిక మళ్లీ రావడానికి అవకాశం ఉండేదీ అందుకే. కానీ ఏళ్ల తరబడి కీలు కదలకుండా ఉండిపోతే ఆ నున్నటి పొర కూడా పాడవుతుంది, అప్పుడు లెక్క వేరు.

ఇది కొత్త జబ్బేమీ కాదు. 1883లోనే జర్మన్ సర్జన్ రీడెల్ వెన్నుపాము దెబ్బతిన్న రోగిలో ఇలాంటి ఎముకను వర్ణించాడు. అయితే వైద్యలోకం దీన్ని గట్టిగా గుర్తించింది మొదటి ప్రపంచ యుద్ధంలో. వెన్నులో తూటాలు దిగి కాళ్లు చచ్చుబడిన సైనికులను పరీక్షించిన నరాల డాక్టర్ ఆగస్టా డెజెరిన్ క్లుంప్కే, ఆమెతో పనిచేసిన సెయ్యే 1918లో ఫ్రాన్స్‌లో దీని గురించి వివరంగా రాశారు. ఆ రోజుల్లో వెన్నుపాము తెగినవాళ్లలో ఎక్కువమంది పడక పుండ్లతోనో మూత్ర ఇన్ఫెక్షన్‌తోనో కొన్ని నెలల్లోనే చనిపోయేవాళ్లు. బతికి బట్టకట్టినవాళ్లలోనే ఈ ఎముక కనిపించేది. ఈ మాట ఇప్పటికీ వర్తిస్తుంది. ఐసీయూ వైద్యం మెరుగయ్యేకొద్దీ ఒకప్పుడు బతకనివాళ్లు ఇప్పుడు బతుకుతున్నారు, వారాల తరబడి వెంటిలేటర్ మీద ఉండి బయటికి వస్తున్నారు, ఆ వచ్చినవాళ్లలో కొందరికి తుంటి దగ్గరో భుజం దగ్గరో ఇది బయటపడుతోంది. కోవిడ్ తీవ్రమై ఎక్కువ కాలం ఐసీయూలో ఉన్నవాళ్లలో కూడా ఇలాంటి కేసులు నమోదయ్యాయి.

ఎంతమందికి వస్తుందో చెప్పే అంకెలు చూస్తే తికమకగా ఉంటుంది. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లలో 10 శాతమని ఒకచోట, 50 శాతమని ఇంకోచోట కనిపిస్తుంది. సుమారు ప్రతి ఐదుగురిలో ఒకరు అనుకుంటే పెద్ద పొరపాటు ఉండదు. తలకు తీవ్రమైన గాయమైనవాళ్లలో 10 నుంచి 20 శాతం అంటారు. మెదడులో రక్తనాళం మూసుకుపోయో చిట్లిపోయో వచ్చే మామూలు పక్షవాతంలో చాలా తక్కువ. శరీర రక్షణ వ్యవస్థే నరాల మీద దాడి చేసే గిలియన్ బారే సిండ్రోమ్‌లో, అంటే జీబీఎస్‌లో ఇంకా అరుదు, అదీ ఎక్కువగా కాళ్లూ చేతులూ నాలుగూ పూర్తిగా పడిపోయి వెంటిలేటర్ దాకా వెళ్లినవాళ్లలో. లెక్కల్లో ఇంత తేడా ఎందుకంటే, ప్రతి రోగికీ వరుసపెట్టి ఎక్స్‌రేలు తీసినచోట ఎక్కువ దొరుకుతుంది, ఇబ్బంది చెప్పినవాళ్లకే తీసినచోట తక్కువ దొరుకుతుంది. దొరికిన ప్రతిదీ ఇబ్బంది పెట్టదు కూడా. సన్నటి ఎముక పలక ఒకటి కండరంలో ఉండి, కదలికకు ఏ అడ్డూ లేకుండా జీవితాంతం అలాగే ఉండిపోవచ్చు. కీలు పూర్తిగా బిగుసుకుపోయేది కొద్దిమందిలోనే. అందువల్ల రిపోర్టులో ఈ పేరు చూడగానే ఇక అయిపోయింది అని టెన్షన్ పడాల్సిన అవసరం లేదు.

ఎక్కడ వస్తుందన్నదానికి ఒక తీరుంది. వెన్నుపాము దెబ్బ అయితే దెబ్బ తగిలిన స్థాయికి కింద ఉన్న భాగాల్లోనే వస్తుంది, పైన రాదు. అందులో తుంటిదే మొదటి స్థానం, తర్వాత మోకాలు. తల గాయమైతే తుంటితో పాటు మోచేయి, భుజం కూడా వరసలో ఉంటాయి. చేతి వేళ్లకు, పాదాలకు దాదాపు రాదు. పెద్ద కండరాలున్న పెద్ద కీళ్లనే ఎంచుకుంటుంది.

ఎవరికి వచ్చే అవకాశం ఎక్కువ అంటే, వెన్నుపాము పూర్తిగా దెబ్బతిన్నవాళ్లు, కండరాలు బిర్రబిగుసుకునే స్పాస్టిసిటీ ఎక్కువగా ఉన్నవాళ్లు, చాలాకాలం కోమాలో ఉన్నవాళ్లు, పడక పుండ్లు పడ్డవాళ్లు, మూత్ర ఇన్ఫెక్షన్లు, న్యుమోనియా మళ్లీ మళ్లీ వచ్చినవాళ్లు, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టినవాళ్లు, నరాల దెబ్బతో పాటు ఎముక కూడా విరిగినవాళ్లు. మగవాళ్లలో, పడుచు వయసువాళ్లలో కొంచెం ఎక్కువ. ఈ జాబితాలో సగం, నిజానికి, జబ్బు ఎంత తీవ్రంగా ఉందో చెప్పే గుర్తులే. మిగతా సగాన్ని మాత్రం మంచి నర్సింగ్‌తో తగ్గించవచ్చు. పుండు పడకుండా గంటల లెక్కన పక్కకు తిప్పడం, మూత్రపు గొట్టాన్ని శుభ్రంగా చూసుకోవడం లాంటివి కేవలం ఆ పుండు కోసం, ఆ ఇన్ఫెక్షన్ కోసం మాత్రమే కాదని ఇక్కడ అర్థమవుతుంది.

నరం దెబ్బతింటే కండరంలో ఎముక ఎందుకు పుట్టాలి? ఇది చాలా ఆసక్తికరమైన ప్రశ్న, జవాబు సగమే దొరికింది. 1965లో అమెరికన్ సర్జన్ మార్షల్ యూరిస్ట్ ఖనిజాలు తీసేసిన ఎముక ముక్కను జంతువుల కండరంలో పెడితే అక్కడ కొత్త ఎముక పుట్టిందని చూపించాడు. ఆ పని చేయించే ప్రొటీన్లను తర్వాత బోన్ మార్ఫోజెనెటిక్ ప్రొటీన్లు అన్నారు. అంటే కండరంలో నిద్రాణంగా ఉన్న కొన్ని కణాలకు సరైన ఆదేశం అందితే అవి ఎముక కట్టే కణాలుగా మారిపోగలవు. 1975లో చామర్స్ బృందం మూడు షరతులు చెప్పింది. ఆదేశం ఇచ్చే పదార్థం ఉండాలి, మారగల కణాలుండాలి, వాటికి అనువైన వాతావరణం ఉండాలి. ఇప్పటికీ పుస్తకాల్లో ఈ మూడింటి చుట్టూనే వివరణ నడుస్తుంది.

ఈ మధ్యకాలంలో ఎలుకల మీద చేసిన ప్రయోగాలు దీన్ని ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లాయి. వెన్నుపామును మాత్రమే దెబ్బతీస్తే ఎముక రాలేదు. కండరాన్ని మాత్రమే గాయపరిస్తే అది మామూలుగా మానిపోయింది. రెండూ కలిపి చేస్తే మాత్రం ఆ గాయమైన కండరంలో ఎముక వచ్చింది. గాయాన్ని శుభ్రం చేయడానికి వచ్చే మాక్రోఫేజ్ కణాలను ముందే తగ్గించేస్తే ఆ ఎముక కూడా తగ్గింది. అంటే వాపు పుట్టించే రక్షణ కణాలకు, నరాల నుంచి ఆగిపోయిన లేదా తప్పుదారి పట్టిన సంకేతాలకు మధ్య ఏదో జరుగుతోంది, మానాల్సిన కండరం మానకుండా ఎముక దారి పడుతోంది. మంచం మీద ఉన్న మనిషిని చూస్తే ఈ ప్రయోగం బాగా అర్థమవుతుంది. నరాల దెబ్బ ఎలాగూ ఉంది. పక్కకు తిప్పేటప్పుడు, లేపేటప్పుడు, బిగుసుకున్న కాలును లాగేటప్పుడు కండరంలో పడే చిన్న చిన్న చిరుగులు రెండోది. స్పర్శ లేని మనిషికి ఆ చిరుగు తెలియదు కూడా.

ఇక్కడ ఒక పక్క మాట. నెట్‌లో దీని గురించి వెతికితే ఎఫ్ఓపీ అనే భయంకరమైన జన్యు వ్యాధి ఎదురవుతుంది, చిన్నతనం నుంచీ శరీరంలోని కండరాలు, స్నాయువులు క్రమంగా ఎముకగా మారిపోయే జబ్బు. 2006లో దానికి కారణమైన ఏసీవీఆర్1 జన్యువును కనిపెట్టారు. అది దాదాపు 20 లక్షల మందిలో ఒకరికి వచ్చేది. నరాల జబ్బు తర్వాత వచ్చే హెచ్ఓ అది కాదు, అలా మారదు కూడా. ఇది ఒకటి రెండు కీళ్ల దగ్గర మొదలై, కొన్ని నెలల్లో ముదిరి, ఆగిపోతుంది.

అసలు చిక్కు దీని వేషాల్లో ఉంది. మొదట్లో కనిపించే వాపు, వేడి, ఎరుపు, కొద్దిపాటి జ్వరం చూస్తే ఎవరికైనా గుర్తొచ్చేవి వేరే జబ్బులు. కాలి లోపలి సిరలో రక్తం గడ్డకట్టే డీవీటీ అచ్చం ఇలాగే ఉంటుంది, పైగా అదే రోగికి, అదే నెలల్లో వస్తుంది. కీలులో చీము, చర్మం కింద ఇన్ఫెక్షన్, కండరంలో రక్తం గూడుకట్టడం, పలచబడిన ఎముక తెలియకుండా విరగడం, ఇవన్నీ కూడా ఇలాగే మొదలవుతాయి. కాబట్టి వాచిన కాలును చూడగానే ముందు డీవీటీ ఉందా లేదా అని, సిరల్లో రక్తం పారే తీరును చూపించే డాప్లర్ స్కాన్ చేయించడం సరైనదే, ఎందుకంటే గడ్డ ఊడి ఊపిరితిత్తులకు వెళితే ప్రాణం పోతుంది. పొరపాటు ఆ తర్వాత జరుగుతుంది. స్కాన్‌లో గడ్డ లేదని తేలగానే హమ్మయ్య అనుకుని ఫైలు మూసేస్తారు. మరి ఆ వాపు ఎందుకు వచ్చిందన్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది. గడ్డ ఉందని తేలినా సరే, పక్కన హెచ్ఓ కూడా ఉండకూడదని లేదు, రెండూ కలిసి వచ్చిన సందర్భాలు చాలానే ఉన్నాయి, పెరుగుతున్న ఎముక సిరను నొక్కి గడ్డకు కారణం కావడం కూడా ఉంది.

నొప్పి విషయంలో ఇంకో తేడా ఉంది. వెన్నుపాము పూర్తిగా తెగినవాళ్లకు నొప్పి తెలియదు, కాబట్టి చెప్పలేరు. వాళ్లలో ఇది కాళ్లు ఉన్నట్టుండి ఎక్కువగా బిగుసుకోవడంగానో, ఛాతీ దగ్గరి ఆరో వెన్నుపూస స్థాయికి పైన దెబ్బ తగిలినవాళ్లలో అయితే హఠాత్తుగా బీపీ పెరిగి తలనొప్పి, చెమటలు పట్టడంగానో బయటపడవచ్చు. ఈ రెండోది అత్యవసర పరిస్థితి, ఆలస్యం చేయకూడదు. జీబీఎస్‌లో దీనికి పూర్తి విరుద్ధం. అక్కడ దెబ్బతినేది ఎక్కువగా కదలిక నరాలు, నొప్పి మాత్రం బాగానే తెలుస్తుంది. కానీ జీబీఎస్ రోగికి ఒళ్లంతా నొప్పులుండటం మామూలే కాబట్టి, తుంటి దగ్గర నొప్పి అంటే ఆ పద్దులోనే రాసేస్తారు. నరం మళ్లీ పెరగడానికి రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున నెలలు పడుతుంది, నొప్పులు సహజం, ఓపిక పట్టాలి అని చెబుతారు. మాట నిజమే. కానీ ఒళ్లంతా ఉండే నొప్పి వేరు, ఒక్క తుంటి దగ్గరే, అదీ వంచినప్పుడే వచ్చే నొప్పి వేరు.

పరీక్షల సంగతికి వస్తే, తొలి వారాల్లో ఎక్స్‌రే మోసం చేస్తుంది. ఎముకలో ఖనిజం చేరితేనే ఎక్స్‌రేలో కనిపిస్తుంది, అందుకు లక్షణాలు మొదలయ్యాక కూడా మూడు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. అప్పుడు తీసిన ఎక్స్‌రే నార్మల్ అని వస్తే అది సగం సమాచారమే. రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ పెరగడం ఒక సూచన, కానీ లివర్ సమస్య ఉన్నా పెరుగుతుంది, ఎముక విరిగి అతుక్కుంటున్నా పెరుగుతుంది, హెచ్ఓ ఉన్నా కొన్నిసార్లు పెరగదు. వాపును చూపించే సీఆర్‌పీ, కండరం దెబ్బను చూపించే సీపీకే కూడా చూస్తారు. త్వరగా పట్టించగలిగేది మూడు దశల బోన్ స్కాన్. టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చి తీసే ఈ స్కాన్‌లో ఎక్స్‌రే కంటే కొన్ని వారాల ముందే ఆ చోట రక్తప్రసరణ పెరిగినట్టు తెలుస్తుంది. అనుభవం ఉన్నవాళ్లు చేస్తే అల్ట్రాసౌండ్ కూడా బాగా పనిచేస్తుంది, మంచం దగ్గరికే తెచ్చి చూడవచ్చు. సీటీ స్కాన్ అవసరం ఎక్కువగా ఆపరేషన్‌కు ముందు, ఎముక ఏ నరం పక్కగా, ఏ రక్తనాళం చుట్టూ పెరిగిందో చూడటానికి. ఒకటి మాత్రం జాగ్రత్త: తొలి దశలో అనుమానంతో ముక్క తీసి పరీక్షకు పంపితే, వేగంగా పెరుగుతున్న ఆ కణాలు మైక్రోస్కోప్ కింద ఎముక క్యాన్సర్‌ను తలపించే ప్రమాదం ఉంది. రోగి చరిత్ర తెలియకుండా ల్యాబ్‌కు వెళ్లిన ముక్క అనవసరమైన భయాన్ని తెచ్చిపెడుతుంది.

ఇన్ని పరీక్షలున్నా వీటన్నిటికంటే ముందు కబురు చెప్పేది ఫిజియోథెరపిస్ట్ చేతిలో ఉండే గోనియోమీటర్. కీలు ఎంత కోణం వంగుతోందో కొలిచే మామూలు సాధనం అది. హెచ్ఓకు అన్నిటికంటే ముందు కనిపించే గుర్తు చాలాసార్లు కదలిక తగ్గడమే. వారం వారం తుంటి, మోకాలు, మోచేయి, భుజం ఎన్ని డిగ్రీలు వంగుతున్నాయో రాసిపెట్టుకుంటే, 110 నుంచి 90కి, 90 నుంచి 75కి దిగిన అంకె ఎక్స్‌రే కంటే ముందే విషయం చెప్పేస్తుంది. రాయకపోతే ఏమవుతుంది? నిన్న వంగినట్టే ఈరోజూ వంగుతోంది అనే అనిపిస్తుంది, ఎందుకంటే రోజుకు ఒకటి రెండు డిగ్రీల తేడా కంటికి తెలియదు. పైగా రోగిని ఐసీయూ నుంచి వార్డుకు, వార్డు నుంచి రిహాబ్ సెంటర్‌కు, అక్కడి నుంచి ఇంటికి మారుస్తూ ఉంటారు, ప్రతిచోటా ఫిజియోథెరపిస్ట్ మారతారు, పాత కొలత ఎంతో కొత్తవాళ్లకు తెలియదు. డిశ్చార్జి కాగితాల్లో మందుల జాబితా పేజీల కొద్దీ ఉంటుంది, ఏ కీలు ఎంత వంగుతోందో ఒక్క లైను కూడా ఉండదు. ఆ ఒక్క లైను అడిగి రాయించుకోవడం ఇంట్లోవాళ్లు చేయగలిగిన పని, ఖర్చులేని పని.

కోణం తగ్గినప్పుడు దాన్ని ఎలా అర్థం చేసుకుంటారన్నదే అన్నిటికంటే ముఖ్యం. రోగి సహకరించడం లేదు, నొప్పికి భయపడి బిగబడుతున్నాడు, ఇంకా గట్టిగా చేయాలి అనుకోవడం చాలా మామూలు. 1980లో ఫిన్లండ్ పరిశోధకులు కుందేళ్ల కాలును కొన్ని వారాలు కదలకుండా కట్టి, మధ్యమధ్యలో విప్పి బలవంతంగా వంచి చూశారు. వాటి తొడ కండరాల్లో ఎముక పెరిగింది. కుందేలుకు జరిగిందంతా మనిషికి జరగాలని లేదు, మనుషుల్లో ఫిజియోథెరపీ వల్లే హెచ్ఓ వస్తుందని రుజువు కూడా కాలేదు. కానీ కదలకుండా వదిలేసి, తర్వాత ఒక్కసారిగా బలవంతం చేయడం ఎంత చెడ్డ కలయికో ఆ ప్రయోగం చూపించింది. మరీ భయపడి కదిలించడమే మానేస్తే ఇంకో తప్పు, కండరాలూ స్నాయువులూ కుంచించుకుపోయి కీలు ఎముక లేకుండానే బిగుస్తుంది. ఇప్పుడు ఎక్కువమంది అనుసరించే దారి ఏమిటంటే, వాపు, వేడి జోరుగా ఉన్న కొద్ది రోజులు ఆ కీలును నెమ్మదిగా, నొప్పి రానంత వరకే కదిలించడం, వాపు తగ్గాక అందుబాటులో ఉన్న కోణం మొత్తాన్ని రోజూ వాడటం. అవతల అడ్డు తగిలినచోట ఆగాలి. మొదటి రోజు నుంచీ ఇలా మెత్తగా, రోజూ కదిలిస్తూ ఉంటే ఆ తర్వాతి బలవంతం అవసరమే రాదు.

మసాజ్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే బిగుసుకున్న కాలు చూడగానే అందరికీ గుర్తొచ్చేది అదే. వాచి వేడిగా ఉన్న చోట గట్టిగా మర్దన చేస్తే గాయపడ్డ కండరం ఇంకా గాయపడుతుంది. అది హెచ్ఓ కాక డీవీటీ అయితే గడ్డ ఊడే ప్రమాదం ఉంది. స్పర్శ లేని కాలికి కాపడం పెడితే కాలినా తెలియదు. కారణం తేలేదాకా ఈ రెండూ పక్కన పెట్టడమే మంచిది.

ఎముక ఎక్కువైంది కాబట్టి పాలు, కాల్షియం మానేయాలి అనుకోవడం ఇంకో అపోహ. రక్తంలో కాల్షియం ఎక్కువవడం వల్ల ఈ ఎముక పుట్టదు, తినేది తగ్గిస్తే ఆగదు. ఇంకా విచిత్రం ఏమిటంటే, కండరంలో అక్కర్లేని ఎముక పెరుగుతున్న అదే మనిషికి, అదే కాలిలో, ఉండాల్సిన ఎముక పలచబడిపోతూ ఉంటుంది. బరువు మోయని ఎముక నెలల్లోనే బలం కోల్పోతుంది. అలాంటివాళ్లకు కాల్షియం, విటమిన్ డి ఇవ్వాలా వద్దా అన్నది డాక్టరు రక్తపరీక్షలు చూసి తేల్చాల్సిన సంగతి, సొంతంగా మానేయకూడదు.

మందుల్లో ఎక్కువ ఆధారం ఉన్నది ఇండోమెథాసిన్ లాంటి వాపు తగ్గించే మాత్రలకు, అదీ ముందుగా వాడితే. 2001లో వెలువడిన ఒక ట్రయల్‌లో వెన్నుపాము దెబ్బ తగిలినవాళ్లకు రోజుకు 75 మిల్లీగ్రాముల చొప్పున మూడు వారాలు ఇచ్చి చూస్తే, మందు వేసుకున్నవాళ్లలో 25 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 65 శాతం మందికి హెచ్ఓ వచ్చింది. తేడా పెద్దదే, కానీ అది చిన్న ట్రయల్. పైగా ఈ మాత్రలు కడుపులో రక్తస్రావం తెప్పించగలవు, కిడ్నీలను ఇబ్బంది పెట్టగలవు, మంచాన ఉన్న రోగి ఎలాగూ రక్తం పలచబరిచే మందుల మీద ఉంటాడు కాబట్టి ముప్పు రెట్టింపు. అందుకే ప్రతి రోగికీ రాసేయరు, లాభనష్టాలు బేరీజు వేసుకుని రాస్తారు. ఎటిడ్రోనేట్ అనే మందు ఎముక పునాదిలోకి ఖనిజం చేరకుండా ఆపుతుంది, కానీ పునాది ఏర్పడటాన్ని ఆపదు, మందు మానేశాక ఖనిజం మళ్లీ చేరే అవకాశం ఉంది. ఇప్పటికే ముదిరిన ఎముకను కరిగించే మందు మాత్రం ఏదీ లేదు. తుంటి మార్పిడి ఆపరేషన్లలో 7 లేదా 8 గ్రే మోతాదు రేడియేషన్ ఒకేసారి ఇచ్చి హెచ్ఓను అడ్డుకోవడం బాగా అలవాటైన పద్ధతి. నరాల రోగుల్లోనూ వాడారు గానీ, పడుచువాళ్లకు రేడియేషన్ అంటే డాక్టర్లు వెనకాడతారు.

ఎముక ముదిరి కదలికను ఆపేస్తే రోజువారీ బతుకులో ఏం మారుతుందో చూస్తేనే దీని బరువు తెలుస్తుంది. వీల్‌చైర్‌లో నిటారుగా కూర్చోవాలంటే తుంటి దాదాపు 90 డిగ్రీలు వంగాలి. 60 దగ్గర ఆగిపోతే మనిషి జారిపోతాడు, లేదంటే నడుము వంచి కూర్చుంటాడు. ఒక తుంటి వంగి ఇంకోటి వంగకపోతే బరువంతా ఒక పిరుదు మీద పడి అక్కడ పుండు పడుతుంది, ఆ పుండు మానదు, ఎందుకంటే కూర్చునే తీరు మారదు. బట్టలు వేయడం, మలమూత్రాల తర్వాత శుభ్రం చేయడం, మంచం నుంచి కుర్చీకి మార్చడం అన్నీ కష్టమవుతాయి. మోచేయి బిగుసుకుంటే చెయ్యి నోటి దాకా రాదు, మోచేతి వెనకగా వెళ్లే అల్నార్ నరం నొక్కుకుపోతే చిటికెన వేలు తిమ్మిరెక్కి పిడికిలి బలం తగ్గుతుంది. జీబీఎస్ రోగి విషయంలో ఇది మరీ బాధాకరం. ఆ జబ్బులో ఆరు నెలలకు సుమారు 80 శాతం మంది ఎవరి సాయం లేకుండా నడవగలుగుతారు. నరాలు తిరిగొచ్చాయి, కండరాలకు బలం వచ్చింది, కానీ తుంటి వంగదు. జబ్బు తగ్గినా మనిషి లేవలేకపోవడానికి కారణం ఇప్పుడు నరం కాదు.

అలాంటప్పుడు మిగిలేది ఆపరేషన్. పెరిగిన ఎముకను చెక్కి తీసేస్తారు, మొత్తం తీయరు, కదలికకు అడ్డున్నంత వరకు తీస్తారు. ఎప్పుడు చేయాలన్నదాని మీద పాత నియమం ఒకటి ఉంది: వెన్నుపాము దెబ్బ అయితే ఏడాది, తల గాయమైతే ఏడాదిన్నర ఆగి, ఎముక పూర్తిగా ముదిరాక, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ మామూలు స్థాయికి దిగాక చేయాలి, తొందరపడితే మళ్లీ పెరుగుతుంది. ఈ నియమం ఇప్పుడు సడలింది. అంత ఆగకుండా చేసినవాళ్లలో తిరగబెట్టడం ఎక్కువేమీ కాలేదని తర్వాతి అనుభవాలు చూపించాయి. పైగా ఆగినకొద్దీ తొడ ఎముక మెడ భాగం ఇంకా పలచబడి ఆపరేషన్ టేబుల్ మీదే విరిగే ప్రమాదం పెరుగుతుంది. ఎముక క్యాలెండర్ కంటే రోగి పరిస్థితి ముఖ్యమన్న అభిప్రాయం బలపడింది, అది సబబుగానే ఉంది. చెయ్యి, కాలు కొంతైనా సొంతంగా కదిలించగలిగినవాళ్లకు ఆపరేషన్ ఫలితం బాగా నిలుస్తుంది. ఏమాత్రం కదలిక లేనివాళ్లకు కూడా చేస్తారు, నడక కోసం కాదు, సరిగ్గా కూర్చోవడానికి, పుండు మానడానికి.

చిన్న ఆపరేషన్ అని మాత్రం అనుకోకూడదు. రక్తం బాగా పోతుంది, ఇన్ఫెక్షన్ రావచ్చు, పెద్ద రక్తనాళాలూ, తుంటి వెనకగా కాలికి వెళ్లే సయాటిక్ నరమూ ఒక్కోసారి ఎముక లోపలి నుంచే సొరంగంలో వెళ్లినట్టు వెళ్తాయి. తర్వాత తిరగబెట్టకుండా ఇండోమెథాసిన్ గానీ రేడియేషన్ గానీ ఇస్తారు, కొద్ది రోజుల్లోనే ఫిజియోథెరపీ మొదలుపెడతారు. ఆపరేషన్ బల్ల మీద వచ్చిన కోణం మొత్తం ఇంటికి రాదు, అందులో కొంత పోతుందని ముందే అనుకోవాలి. అందుకే మొదట అడగాల్సింది ఈ మనిషికి ఏ పనికి ఎన్ని డిగ్రీలు కావాలి అని. తుంటి 80 డిగ్రీల దగ్గర ఆగినా, వీల్‌చైర్ వీపును కాస్త వెనక్కి వంచి, సీటు సరిచేస్తే హాయిగా కూర్చోగలుగుతున్నాడు, పుండ్లు లేవు, నరం నొక్కుకోలేదు అంటే ఆ ఎముకను అలాగే వదిలేయడమే చాలాసార్లు మంచి వైద్యం.